సుబ్బరావమ్మ గంప

ఆ ఊళ్లో కోడి ఎవరిదో తేల్చడానికి పంచాయితీ అక్కర్లేదు. పొద్దుగూకే వేళ అది ఎవరి గంప కిందికి చేరితే వాళ్లదే. పగలంతా నీ పెరట్లో గింజలు ఏరుకు తిన్నా, నీ గడ్డివాములో గుడ్డు పెట్టినా, నీ మనవడు దానికి ముద్దుపేరు పెట్టి పిలుచుకుంటున్నా లాభం లేదు. రాత్రికి ఎవరి గంప మూసుకుందో కోడి వాళ్ల సొంతం. దర్శి చుట్టుపక్కల ఇంకే ఊళ్లోనైనా ఇలా ఉందో లేదో గానీ, అక్కడ మాత్రం తాతల నాటి నుంచీ ఇదే న్యాయం. దీన్ని కాదని పోలీస్‌స్టేషన్ మెట్లెక్కినవాళ్లు ఇంతవరకూ లేరు.

అయితే ఆ న్యాయం జరగాలన్నా ముందు కోడి చేతికి చిక్కాలి కదా. చిక్కనప్పుడు ఊరు సుబ్బరావమ్మని పిలుస్తుంది. ఊరి చివర, డొంక మలుపులో, అంకమ్మ తల్లి గుడికి ఎదురుగా ఉన్న రేకుల ఇల్లు ఆవిడది. యాభై దాటిన మనిషి, బక్కపలుచన, గొంతు మాత్రం రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది. మొగుడు రాఘవులు, ఆవిడ కలిసి కౌలుకి మిరప వేస్తారు. తమ చేలో పని లేనప్పుడు పరాయి చేలకి కూలికి వెళ్తారు. ఇవేమీ లేని రోజున సుబ్బరావమ్మ ఎవరో ఒకరి కోడి కోసం పత్తికట్టె మోపుల మధ్య కూర్చుని ఉంటుంది.

కూర్చుని ఉంటుంది అన్నది ఊరికే అన్న మాట కాదు. కోడి తప్పించుకుంటే జనం ఏం చేస్తారు? ఒకడు చీపురు పట్టుకుంటాడు, ఇంకొకడు దుప్పటి పరుస్తాడు, పిల్లలు కేకలు పెడతారు, అది కాస్తా ఎగిరి పక్కింటి కప్పు మీద కూర్చుంటుంది. సుబ్బరావమ్మ వచ్చీ రాగానే చేసే మొదటి పని వీళ్లందర్నీ తిట్టి లోపలికి పంపడం. ఆ తర్వాత నేల మీద చతికిలబడి, కోడికి వీపు తిప్పి, గుప్పెట్లో నాలుగు నూకలు పెట్టుకుని, ఏదో తన ధ్యాసలో తను ఉన్నట్టు చీర కుచ్చిళ్లకి అంటుకున్న పల్లేరు కాయలు ఏరుకుంటూ ఉంటుంది. కోడికి మనిషి మీద ఉన్న భయం కంటే, మనిషి తనని పట్టించుకోవడం లేదన్న కడుపుమంట ఎక్కువని ఆవిడ నమ్మకం. కాసేపటికి అది మెల్లగా దగ్గరికొచ్చి గుప్పెట వైపు మెడ సాచుతుంది. అప్పుడు ఆవిడ రెండో చెయ్యి నేల మీదుగా పాకి, దాని రొమ్ము కిందికి వెళ్తుంది. అంతే, మరుక్షణం కోడి చంకలో ఉంటుంది.

"పైనుంచి వచ్చే చెయ్యి గద్దలెక్క," అంటుంది నేర్చుకోవాలని వచ్చినవాళ్లతో. "దాని పుట్టుకలోనే ఆ భయం ఉంది. కిందనుంచి పెట్టు చెయ్యి. అమ్మ కడుపు కింద ఉన్నట్టు ఉండాల దానికి."

పిల్లలు లేరు కాబట్టే కోళ్లని సాకుతుందని ఊళ్లో అనుకునేవాళ్లు ఉన్నారు. తెలిసీ తెలియని మాటలు. ఆవిడకి కోళ్ల పిచ్చి పుట్టింట్లో ఉండగానే పట్టింది. పిల్లలు లేరన్న బాధ ఉందా అంటే ఉంది, అదొక పక్క ఉంది. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టడం ఆ అనేవాళ్లకి సుఖం గానీ, ఆవిడ ఎప్పుడూ కట్టలేదు. కట్టాల్సిన రోజు ఒకటి వచ్చింది, అది వేరే సంగతి. ఇప్పుడు చెప్పబోయేది ఆ సంగతే.

పక్కింట్లో మల్లేశ్వరి, వీరబాబు ఉంటారు. కొత్తగా పెళ్లయి వచ్చిన నాటి నుంచీ మల్లేశ్వరికి ఉప్పు కావాలన్నా, ఊసుపోకపోయినా సుబ్బరావమ్మ ఇల్లే. పిన్నీ, పిన్నీ అని వెనకాలే తిరిగేది. రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచింది. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, ఏడో నెల సగంలో, మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజున నొప్పులు మొదలయ్యాయి.

వీరబాబు ఆటో తెచ్చాడు. మల్లేశ్వరిని ఎక్కించారు. ఆటో కదలబోతుండగా ఆ పిల్ల సుబ్బరావమ్మ చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, నా చుక్కలపెట్టని పట్టకరా."

"ఇప్పుడా తల్లీ!"

"అమ్మకి వదలాల. నువ్వు పట్టకొస్తేనే నేను పోయేది."

సుబ్బరావమ్మ పెరట్లోకి పరుగెత్తింది. ఒంటి నిండా తెల్ల చుక్కలున్న నల్లపెట్ట, ఇంకా పట్టుమని పది గుడ్లు పెట్టని పడుచుది. ఆవిడ కూర్చోలేదు, వీపు తిప్పలేదు, నూకలు చూపలేదు. ఆ ఒక్కసారికి కోడి కూడా తిప్పలు పెట్టకుండా చేతికొచ్చింది. గుడి ముందు ఆటో ఆపారు. మల్లేశ్వరి కోడిని కడుపుకి తాకించి, కళ్లు మూసుకుని ఏదో అనుకుని, కూర్చున్న చోటి నుంచే కిందికి వదిలింది. ఆటో వెళ్లిపోయింది. చుక్కలపెట్ట గుడి ముందు నిలబడి అటూ ఇటూ చూసింది.

అంకమ్మకి వదిలిన కోడికి ఆ ఊళ్లో ఒక కట్టడి ఉంది. ఎండాకాలంలో అమ్మకి కొలుపుల జాతర జరిగేదాకా అది ప్రాణంతో ఉండాలి. ఉంటే అమ్మ మొక్కు అందుకున్నట్టు. అప్పటిదాకా దాన్ని ఎవరూ కొయ్యకూడదు, అమ్మకూడదు, ముఖ్యంగా గంప కింద మూయకూడదు. ఎందుకో ఇందాకే చెప్పాను. ఎవరి గంప మూసుకుంటే కోడి వాళ్లది. అమ్మకి ఇచ్చిన కోడి మీద నీ గంప పడిందంటే, ఇచ్చింది వెనక్కి లాక్కున్నట్టే. ఈ కట్టడి పుణ్యమా అని వదిలిన కోళ్లలో సగం కొలుపులు చూడకుండానే పోయేవి. డొంకలో ముంగిసలు, పత్తి చేలల్లో బావురుపిల్లి, ఇవి చాలవన్నట్టు ఊరకుక్కలు. గట్టివి నాలుగు మాత్రం వేపచెట్టు ఎక్కి బతికేవి.

చుక్కలపెట్ట గట్టిది కాదు. పుట్టిన దగ్గర్నుంచీ గంప కింద పడుకున్నది, దానికి చెట్టెక్కడమే తెలియదు. ఆ సాయంత్రం సుబ్బరావమ్మ చేలోనుంచి వచ్చేసరికి అది మల్లేశ్వరి ఇంటి ముందు, తాళం వేసిన తలుపు దగ్గర కూర్చుని ఉంది. గంప కోసం వచ్చింది. ఆవిడ దాన్ని చంకన పెట్టుకుని మళ్లీ గుడి దగ్గరికి తీసుకెళ్లింది.

గుడిలో దీపం పెట్టే పిచ్చయ్య అప్పుడే వత్తి ఎగదోస్తున్నాడు. ఎనభై దగ్గర పడ్డ మనిషి, కట్టుబాట్ల విషయంలో ఇనుము.

"మావయ్యా, ఇది ఈ రాత్రికే పోయిద్ది. మా ఇంట్లో పెట్టుకోనా?"

"అమ్మ కోడిని అమ్మే చూసుకుంటది."

"అమ్మకి ఇంత ఊరు ఉంది చూసుకోవడానికి. పోయినేడు నాలుగు కోళ్లని ముంగిస తిన్నప్పుడు ఏ ఇంట్లో పనిలో ఉందో పాపం."

"నోరు! తలుపు, మూత, గంప, ఏదీ దాని మీద పడకూడదు. అంతే."

సుబ్బరావమ్మ కోడిని రెండో చంకలోకి మార్చుకుంది. "తలుపూ మూతా లేని గూడైతే?"

పిచ్చయ్యకి వెంటనే అభ్యంతరం తట్టలేదు. తట్టేలోపు ఆవిడ వెళ్లిపోయింది.

మర్నాడే బస్సు దిగే చోట వెల్డింగు చేసే హయాత్ దగ్గరికి వెళ్లింది. కాయలు కాపలా కాసే మంచె లాంటిది, చిన్నది కావాలంది. నాలుగు ఇనుప కాళ్లు, పైన కోడి కాళ్లకి పట్టుదొరికేలా గుండ్రటి కర్రలు. ప్రతి కాలికీ నడుమెత్తున నున్నటి రేకు చుట్టాలి, ముంగిస ఎగబాకబోతే గోళ్లు జారి కింద పడాలి. ఎక్కడానికి చిన్న నిచ్చెన, పొద్దుగూకాక తీసేసేది.

"అక్కా, సెల్లు టవర్ కట్టిస్తన్నావా ఏంది కోడికి?" అన్నాడు హయాత్.

"మాట్లాడకుండా కాల్చు. మొక్కు కోడి."

మొక్కు కోడి అనేసరికి హయాత్ నవ్వు ఆపేసి, పాత డ్రమ్ముల రేకు తీసి నీటుగా కత్తిరించాడు. కూలి గురించి అడిగితే వినిపించుకోలేదు. మంచెని వేపచెట్టు పక్కన పాతారు. పిచ్చయ్య చుట్టూ తిరిగి చూశాడు, కర్రతో కొట్టి చూశాడు. పైన కప్పు వేద్దామంటే మాత్రం ససేమిరా అన్నాడు. కప్పు కూడా మూతేనట. గుడికి కప్పు లేదా, అమ్మని మూసిపెట్టినట్టా అని సుబ్బరావమ్మ వాదించింది గానీ, ఆయన చెవుల్లో వేసుకోలేదు. ఆకాశం కిందే ఉండనిచ్చాడు.

ఇక రోజూ సాయంత్రం అదొక తంతు. చుక్కలపెట్ట నేరుగా నిచ్చెన ఎక్కితే అది కోడెందుకవుతుంది? తాళం వేసిన ఇంటికి వెళ్లి కూర్చునేది. సుబ్బరావమ్మ చేలోనుంచి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా, దాన్ని ఎత్తుకెళ్లి మంచె మీద పెట్టేది. సరిగ్గా ఆ వేళకే ఫోన్ మోగేది.

గుంటూరు ఆసుపత్రిలో మల్లేశ్వరికి మగపిల్లవాడు పుట్టాడు. గుప్పెడంత ఉన్నాడట. అద్దాల పెట్టెలో పెట్టారట. ఎన్నాళ్లు ఉంచుతారో, ఉంటాడో లేదో ఎవరూ గట్టిగా చెప్పడం లేదట. ఇవన్నీ మొదటి రోజు చెప్పింది. ఆ తర్వాత ఆ పిల్ల బిడ్డ గురించి ఎక్కువ మాట్లాడేది కాదు.

"పిన్నీ, కోడి ఉందా?"

"ఉంది తల్లీ. ఇదిగో, నా చంకలోనే ఉంది. మాట్లాడతావా?"

అవతల చిన్న నవ్వు వినిపించేది. సుబ్బరావమ్మ ఫోన్ కోడి ముక్కు దగ్గర పెట్టేది. దాని పొట్ట మీద ఒక్క నొక్కు నొక్కితే అది క్కొ అనేది. "విన్నావా, బాగానే ఉందంట," అనేది ఆవిడ. రోజంతటికీ ఆ పిల్లకి దొరికే నవ్వు అదొక్కటేనని సుబ్బరావమ్మకి తెలుసు. అందుకే ఎంత అలసిపోయినా, ఎవరు పిలిచినా, ఆ వేళకి కోడి చంకలో ఉండాల్సిందే. రాఘవులు వేళాకోళం చేసేవాడు. "నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఇట్టా ఎత్తుకు తిరగలేదే నువ్వు," అనేవాడు.

కాయలు కోతయి కల్లానికి వచ్చాయి. నేల మీద ఎర్రగా పరిచారు. ఎండ మంచిగా కాస్తోంది, ఇంకో వారం ఇలాగే కాస్తే మిర్చి యార్డుకి పంపొచ్చని రాఘవులు లెక్కలు వేసుకుంటున్నాడు. చుక్కలపెట్టకీ కల్లం దారి తెలిసింది. పగలు వచ్చి మిరప విత్తనాలు బియ్యం తిన్నట్టు తినేది. కోడికి కారం తెలియదు. ఆ మంట మనుషులకే.

ఒకరోజు మధ్యాహ్నం దాటాక పడమటి వైపు ఆకాశం నల్లబడింది. మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చింది, ఆ రోజుల్లో మబ్బేమిటని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకునేసరికి గాలి లేచింది. కల్లాల్లో ఉన్నవాళ్లంతా పట్టలు తేరా, రాళ్లు పెట్టరా అని ఒకటే కేకలు. రాఘవులు, సుబ్బరావమ్మ కాయని కుప్పగా లాగి పట్ట కప్పుతుంటే, ఒక కొస కప్పేలోపు రెండో కొస ఎగిరిపోతోంది. మొదటి చినుకులు పడ్డాయి. వెంటనే చీకటి కమ్మేసింది, ఇంకా పొద్దుగూకే వేళ కానే కాలేదు.

సుబ్బరావమ్మ పట్ట కొస పట్టుకుని ఉన్నదల్లా ఒక్కసారి ఆగిపోయింది. మబ్బు చీకటి కోడికేం తెలుసు? పొద్దుగూకిందనే అనుకుంటుంది. గంప కోసం ఆ తాళం వేసిన ఇంటికి వెళ్లి కూర్చుంటుంది. అక్కడ అరుగు కింద ఊరకుక్కలు తలదాచుకుంటాయి.

"ఏవయ్యా, నువ్వు చూసుకో," అని పట్ట కొస వదిలేసి పరుగు తీసింది.

"ఎక్కడికే! కాయ తడిసిపోతంది!" వెనకనుంచి రాఘవులు అరుస్తూనే ఉన్నాడు.

మల్లేశ్వరి ఇంటి ముందు కోడి లేదు. అరుగు కింద కుక్కలున్నాయి. ఆవిడ వంగి వాటి నోళ్లు చూసింది, ఈకలు ఏమైనా ఉన్నాయేమోనని. లేవు. గుడి దగ్గరికి పరుగెత్తింది. వేపకొమ్మ విరిగి మంచె మీద పడింది, మంచె ఒరిగిపోయింది. చెట్టెక్కే గట్టి కోళ్లు ఎటు పోయాయో. బా బా బా అని పిలుస్తూ, వానలో, తన గొంతు తనకే వినిపించక, గుడి చుట్టూ తిరిగింది. చివరికి గుడి వెనక, గోడకీ విరిగిన కొమ్మకీ మధ్య నల్లటి ముద్ద ఒకటి కనిపించింది. ఒళ్లంతా బురద, చుక్కలే కనిపించడం లేదు. కదలడం లేదు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి కిందనుంచి పోనిచ్చింది. రొమ్ములో చిన్నగా కొట్టుకుంటోంది.

ఇంటికి తెచ్చి, పాత చీర గుడ్డతో తుడిచి, పొయ్యి రాజేసింది. కాస్త వెచ్చబడగానే చుక్కలపెట్టకి ప్రాణంతో పాటు భయం కూడా తిరిగొచ్చింది. ఉరుము ఉరిమినప్పుడల్లా లేచి గోడలకి కొట్టుకుంటోంది, పొయ్యి మీదికే దూకబోయింది. గాలికి వంటింటి తలుపు గొళ్లెం ఊడిపోయింది, తలుపు నిలవడం లేదు. ఆ తలుపు సందులోనుంచే బావురుపిల్లి కిందటేడు ఆవిడ కోళ్లని ఎత్తుకుపోయింది. సొంత కోళ్ల గూట్లో వేస్తే అవి కొత్తదాన్ని పొడిచి చంపుతాయి. చేత్తో ఎంతసేపని పట్టుకుంటుంది? కల్లంలో మొగుడు ఒక్కడే ఉన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది.

"పిన్నీ." గొంతు మామూలుగా లేదు. "వాడికి ఇవాళ బాగోలేదు. ఊపిరి అందట్లేదంటన్నారు. నన్ను లోపలికి రానీట్లేదు. పిన్నీ, కోడి ఉందా?"

"ఉంది తల్లీ. నా ఒళ్లోనే ఉంది."

కోడి పొట్ట నొక్కడానికి చేతులు రాలేదు. అవతల ఫోన్ పెట్టేశారు.

మూలన గోడవారన బోర్లించిన గంప ఉంది. సుబ్బరావమ్మ దాని వంక చూసింది. మూస్తే కోడి బతుకుతుంది. మూస్తే అది తన కోడి అయిపోతుంది, మొక్కు వెనక్కి లాక్కున్నట్టవుతుంది, అదీ ఈ రోజున, ఆ పసివాడికి ఊపిరి అందని ఈ వేళలో. మూయకపోతే తెల్లారేసరికి కోడే ఉండదు. అమ్మా, నన్నెందుకు ఇందులోకి లాగావు తల్లీ అని పైకే అంది. కోడి మళ్లీ పొయ్యి వైపు దూకింది. ఆవిడ గంప అందుకుంది. పైనుంచి వేస్తే గద్ద అనుకుంటుందని, నేల మీదుగా పక్కనుంచి జరిపి, మెల్లగా మూసింది. గంప మీద రోకలి పెట్టింది. లోపల కోడి రెండుసార్లు కదిలి, పుట్టిన దగ్గర్నుంచీ ఎరిగిన చీకట్లో, నిశ్శబ్దంగా పడుకుంది. సుబ్బరావమ్మ మాత్రం గోడకి చేరగిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

వాన తెరిపిచ్చాక రాఘవులు వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా బురద. సగం కాయ తడిసి ఉంటుంది, ఈ ఏటి కష్టం సగం పోయినట్టే. ఎంత తిట్టినా పడాలని ఆవిడ సిద్ధంగా ఉంది.

"కోడి ఏదే?" అన్నాడు ఆయన.

ఆవిడ గంప వైపు చూపించింది. ఆయన గంప వంక చూసి, "సర్లే, బతికింది గదా," అని తువ్వాలు వెతుక్కుంటూ లోపలికి వెళ్లాడు.

మర్నాడు సాయంత్రం ఫోన్ రాలేదు. సుబ్బరావమ్మ ఫోన్ చేతిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. తను చెయ్యొచ్చు, నంబరు ఉంది, నొక్కడం వచ్చు. చెయ్యలేదు. అవతలనుంచి ఏం వినాల్సి వస్తుందోనని భయపడింది. లేచి గుడికి వెళ్లింది.

"మావయ్యా, మూశాను," అంది.

పిచ్చయ్యకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఒరిగిన మంచె వంక చూశాడు, ఆవిడ ముఖం వంక చూశాడు. తిట్టలేదు, దానికే ఆవిడకి ఇంకా భయం వేసింది.

"అయితే అది నీ కోడే అమ్మాయ్. నేనేం చెయ్యను. ఆ పిల్లకి చెప్పు. ఇంకో కోడిని వదులుకోమను."

"ఇప్పుడెట్టా చెప్పను మావయ్యా?"

"చెప్పకుండా ఎట్టా ఉంటావు?"

ఆ మాట నిజం. రోజూ ఉంది ఉంది అని చెప్పిన నోటితోనే ఇదీ చెప్పాలి. ఆ రాత్రంతా ఆవిడ మాటలు కూర్చుకుంది, ఏదీ నోట్లో నిలవలేదు. ఆ మర్నాడు పొద్దుగూకే వేళకి ఫోన్ మోగింది. మొదటి మోతకే ఎత్తి, అవతలివాళ్లని పలకనివ్వకుండా మొదలుపెట్టింది.

"తల్లీ, నేను పాడుపని చేశాను. మొన్న వానలో కోడి చచ్చిపోయేట్టుంటే గంప కింద మూశాను. నా గంపే. మావయ్య ఇంకో కోడిని వదలమన్నాడు. నీ మొక్కు నేను చెడగొట్టాను. నన్ను తిట్టు, నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు..."

"పిన్నీ, ఆగు. కోడి ఉందా లేదా?"

"ఉంది."

"బతికే ఉందా?"

"గింజలు తింటంది."

మల్లేశ్వరి ఏడుస్తోందో నవ్వుతోందో సుబ్బరావమ్మకి తెలియలేదు. రెండూ చేస్తోందని తర్వాత అర్థమైంది.

"పిన్నీ, వీడూ మూత కిందే ఉన్నాడు. పుట్టిన కాడ్నుంచీ. అద్దాల మూత. చెయ్యి పెట్టడానికి రెండు కంతలు. నేను కన్నతల్లినై ఉండీ ఆ కంతల్లోనుంచే ముట్టుకోవాల. మొన్న రాత్రి ఊపిరి ఆడనప్పుడు, మూత తీసి నా బిడ్డని నాకివ్వండి అని గొడవ చేశాను. ఆ నర్సమ్మ ఏమందో తెలుసా? మూత ఉంది కాబట్టే ఉన్నాడమ్మా అంది. ఇవాళ తేరుకున్నాడు. పాలు పట్టారు." ముక్కు ఎగబీల్చింది. "నువ్వు మూసింది మంచి పనే పిన్నీ. మూసినందుకే గదా రెండూ బతికినయ్యి. ఇంకో కోడిని వదలను నేను. అమ్మకి ఆ మాత్రం తెలియదా?"

సుబ్బరావమ్మ గంప ఎత్తి కోడిని తీసి, ఫోన్ దగ్గర పెట్టి, పొట్ట నొక్కింది.

కొలుపులు అయిపోయాయి. చుక్కలపెట్ట జనం మధ్యలోంచి మెడ నిక్కించుకుని గుడి ముందు తిరిగింది. పిచ్చయ్య దాన్ని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తడిసిన కాయ తాలు కింద చవగ్గా పోయింది, మిగిలింది యార్డుకి వెళ్లింది. మంచెని హయాత్ మళ్లీ నిలబెట్టాడు. ఈసారి పైన రేకు కప్పు వేశాడు, ఎవరూ అడ్డం చెప్పలేదు.

ఎండలు ముదిరాక మల్లేశ్వరి బిడ్డతో వచ్చింది. తాళం వేసి ఉన్న ఇంట్లో దుమ్ము దులపాలి, నీళ్లు పట్టాలి. వీరబాబు ఆ పనుల్లో ఉంటే, తను బిడ్డని తీసుకుని నేరుగా సుబ్బరావమ్మ పంచలోకి వచ్చింది. ఆవిడ చేతులు చాచింది గానీ తీసుకోవడానికి జంకింది. ఎన్ని కోళ్లని పట్టిన చేతులు, అంత చిన్న ప్రాణాన్ని ఎప్పుడూ పట్టలేదు.

"కిందనుంచి పెట్టు చెయ్యి," అంది మల్లేశ్వరి. "నువ్వేగా అందరికీ చెప్పేది."

సాయంత్రం అయ్యేసరికి దోమలు మొదలయ్యాయి. సుబ్బరావమ్మ ముందే దర్శి వెళ్లి పసిపిల్లల దోమతెర కొనుక్కొచ్చింది. గొడుగులా విచ్చుకునేది, విచ్చుకుంటే అచ్చం గంప బోర్లించినట్టే ఉంటుంది. పంచలో బొంత పరిచి, పిల్లవాణ్ణి పడుకోబెట్టి, తెరని పైనుంచి వేయకుండా పక్కనుంచి జరిపి మెల్లగా మూసింది. వాడు రెండుసార్లు కాళ్లు కదిపి నిద్రలోకి జారుకున్నాడు. చుక్కలపెట్ట వచ్చి, తెర చుట్టూ ఒక చుట్టు తిరిగి, మూలన ఉన్న తన గంప దగ్గర కూర్చుంది.

దీపం పెట్టి ఇంటికి వెళ్తున్న పిచ్చయ్య పిల్లవాణ్ణి చూద్దామని పంచలోకి వచ్చాడు. కర్ర మీద వంగి తెరలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరిదమ్మాయ్ ఈ గంప?" అన్నాడు.

సుబ్బరావమ్మ నోరు తెరిచేలోపు మల్లేశ్వరి అందుకుంది.

"పిన్నిది తాతయ్యా. పిన్నే మూసింది."

పిచ్చయ్య తల ఊపాడు. "అయితే ఇంకేముంది," అని అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. సుబ్బరావమ్మ కళ్లు తుడుచుకోవడానికి లోపలికి వెళ్లలేదు, అందరి ముందే తుడుచుకుని, ఆయనకి నీళ్లు తేవడానికి లేచింది.